కింద ఉన్న బొమ్మను పట్టుకోబోతే విండో మొత్తం జరుగుతోంది, ఇంక్‌స్కేప్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

మామిడాకు:

అందరికీ నమస్తే. నేను పెళ్లికార్డులు డిజైన్ చేస్తాను. పెళ్లయి బెంగళూరు వచ్చినప్పటి నుంచి సుల్తాన్‌పేటలో ఒక కార్డుల షాపులో కోరెల్‌డ్రా (బొమ్మలు, కార్డులు గీసే సాఫ్ట్‌వేర్) మీద పని చేశాను. పాప పుట్టాక కె.ఆర్.పురం నుంచి రోజూ అంత దూరం వెళ్లిరావడం కుదరక ఇంటి దగ్గరే చేసుకుంటున్నా. ఎస్.పి.రోడ్డులో సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ ఒకటి తీసుకున్నాం. లైసెన్సు లేని కోరెల్ వేసిస్తామన్నారు గానీ వద్దని చెప్పి లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్), అందులో ఇంక్‌స్కేప్ 1.2 (కోరెల్ లాంటిదే, ఉచితం) వేయించుకున్నా. షాపువాళ్లు పాత డిజైన్లు పీడీఎఫ్ చేసి పంపిస్తారు. నేను పేర్లు, ముహూర్తం మార్చి, రంగులు సరిచేసి తిరిగి పంపాలి.

ఇప్పుడు చేతిలో ఉన్న కార్డు సంగతి చెప్తాను. అమ్మాయి వాళ్లది కదిరి, అబ్బాయి వాళ్లది మల్లేశ్వరం. మ్యాటర్ (కార్డు మీది రాత) సగం తెలుగు, సగం కన్నడ. అన్నిటికంటే అడుగున క్రీమ్ రంగు బ్యాక్‌గ్రౌండ్. దాని మీద రెండు పక్కలా అరటి చెట్లు, నడుమ కలశం, కలశంలో మామిడాకులు, కొబ్బరికాయ. వీటన్నిటి మీదా జరీ నేత టెక్స్చర్ ఒకటి కార్డు మొత్తం పరిచి ఉంది. చాలా పల్చన, ప్రింట్‌లో కూడా వెతికితేనే కనపడుతుంది. దాని మీద బంగారు ఫ్రేము, ఆపైన మ్యాటర్.

కలశాన్ని కొంచెం కిందికి దించి, దాని మీది గీతలకు ఫాయిల్ (మెరిసే రేకు) రంగు ఇవ్వాలి. కలశం మీద ఎక్కడ క్లిక్ చేసినా ఆ టెక్స్చరే సెలెక్ట్ అవుతోంది. కోరెల్‌లో ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే కింది బొమ్మ వచ్చేది, చేతికి అదే అలవాటు. ఇంక్‌స్కేప్‌లో కూడా ఆల్ట్+క్లిక్కే అని ఎక్కడ చూసినా రాసి ఉంది. నేను ఆల్ట్ పట్టుకుని నొక్కితే మాత్రం ఏమీ సెలెక్ట్ కాదు, మౌస్ పిసరంత కదిలిందా, ఇంక్‌స్కేప్ విండో మొత్తం పక్కకి జరుగుతుంది.

టెక్స్చర్‌ని కట్ చేసి, పని చూసుకుని, మళ్లీ పేస్ట్ చేద్దామంటే అది మ్యాటర్ మీదికొచ్చి కూర్చుంటోంది. వేరే దారి ఏమైనా ఉందా? శనివారానికి ప్రూఫ్ ఇవ్వాలి, కొంచెం టెన్షన్‌గా ఉంది.


వైట్‌ఫీల్డ్ వాసి:

హాయ్ అండీ. నాది ఇలస్ట్రేటర్, ఫిగ్మా పని, ఇంక్‌స్కేప్ అంతగా తెలియదు. ఆల్ట్ బదులు కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేసి చూడండి. ఇలస్ట్రేటర్‌లో ఒకసారి క్లిక్ చేశాక కంట్రోల్ నొక్కి అక్కడే మళ్లీ మళ్లీ క్లిక్ చేస్తుంటే ఒక్కో బొమ్మా దిగుతూ కిందికి పోతుంది. ఫిగ్మాలో ఇంకా సుఖం: కంట్రోల్ పట్టుకుని రైట్‌క్లిక్ చేస్తే ఆ చోట ఒకదాని కింద ఒకటి ఏమేం ఉన్నాయో పేర్లన్నీ చూపిస్తుంది, కావాల్సింది ఎంచుకోవడమే.

అదీ కుదరకపోతే టెక్స్చర్‌ని సెండ్ టు బ్యాక్ కొట్టేయండి, గొడవ వదిలిపోతుంది.


చిక్‌పేట డీటీపీ:

సెండ్ టు బ్యాక్ కొడితే టెక్స్చర్ పోయి క్రీమ్ బ్యాక్‌గ్రౌండ్ కింద దాక్కుంటుంది బాబూ. అప్పుడు గొడవతో పాటు టెక్స్చర్ కూడా వదిలిపోతుంది. కంట్రోల్+క్లిక్ కూడా ఇక్కడ వేరే పనికి. ఇంక్‌స్కేప్‌లో, కోరెల్‌లో కంట్రోల్ అంటే గ్రూపు లోపలికి చెయ్యి పెట్టడం, ఆల్ట్ అంటే కిందికి దిగడం. ఇలస్ట్రేటర్‌లో కిందికి దిగడానికి కంట్రోల్. ఆల్ట్ పట్టుకుని లాగితే అక్కడ ఇంకో కాపీ తయారవుతుంది. కోరెల్ నుంచి ఇలస్ట్రేటర్‌కి మారిన పిల్లల ఫైళ్లు తెరిస్తే ఒకే పువ్వు మూడేసి ఉంటుంది, అన్నీ ఒకచోటే. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు.

అమ్మా మామిడాకూ, నీ సమస్య ఇంక్‌స్కేప్‌ది కానే కాదు. ఆ క్లిక్కు ఇంక్‌స్కేప్ దాకా చేరడమే లేదు. మింట్‌లో ఆల్ట్ పట్టుకుని విండోలో ఎక్కడ పట్టి లాగినా విండో జరగాలని డెస్క్‌టాప్ ముందే రాసిపెట్టుకుంది. నీ ఆల్ట్+క్లిక్‌ని అది మధ్యలోనే లాగేసుకుంటుంది. సిస్టమ్ సెట్టింగ్స్ తెరువు, విండోస్ అని ఉంటుంది, అందులో బిహేవియర్ ట్యాబ్. విండోలు జరపడానికి, సైజు మార్చడానికి వాడే స్పెషల్ కీ ఏదని అక్కడ అడుగుతుంది. ఆల్ట్ అని ఉన్నదాన్ని సూపర్ చెయ్యి. సూపర్ అంటే కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీట. ఇది సినమన్ డెస్క్‌టాప్ ఉన్న మింట్ సంగతి. నీది ఎక్స్‌ఎఫ్‌సీఈ మింట్ అయితే విండో మేనేజర్ ట్వీక్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఇదే ప్రశ్న ఉంటుంది. మార్చాక రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.

ఇక అసలు పని. కలశం మీద మామూలుగా ఒక క్లిక్ కొట్టు, టెక్స్చర్ సెలెక్ట్ అవుతుంది, కానివ్వు. చెయ్యి కదపకుండా ఆల్ట్ పట్టుకుని ఇంకో క్లిక్. దాని కింద ఉన్నది వస్తుంది. ఇంకో ఆల్ట్+క్లిక్, ఇంకా కిందిది. అడుగుకి చేరాక మళ్లీ పైనుంచి మొదలు. ఇలా దిగేటప్పుడు బొమ్మ వైపు చూడకు. విండో అడుగున స్టేటస్ బార్ ఉంటుంది చూడు, ఇప్పుడు పట్టుకున్నది పాత్ (గీతలతో గీసిన ఆకారం) అనో, గ్రూప్ అనో, రెక్టాంగిల్ అనో, ఇమేజ్ అనో, ఏ లేయర్లో (పొరలో) ఉంది, అన్నీ అక్కడ రాస్తుంది. చుక్కల డబ్బా చూసి ఇదే కలశం అనుకుంటే ఎన్నోసార్లు కొబ్బరికాయ తగులుతుంది. నా దగ్గర పనికి చేరే పిల్లలకి మొదట నేర్పేది ఆ అడుగు లైను చదవడమే. కోరెల్‌లో కూడా అంతే, కింద చూస్తే కర్వ్ అనో పవర్‌క్లిప్ (ఒక ఆకారం లోపలి వరకే కనపడేలా పెట్టిన బొమ్మ) అనో చెప్తూనే ఉంటుంది. ఎవడూ చదవడు.

కలశం చేతికి దొరికాక దాన్ని మామూలుగా పట్టి లాగావా, చేతికి వచ్చేది మళ్లీ టెక్స్చరే, ఎందుకంటే మౌస్ కింద పైన ఉన్నది అదే కదా. ఆల్ట్ పట్టుకునే లాగు. అప్పుడు మౌస్ ఎక్కడున్నా సరే, సెలెక్ట్ అయి ఉన్న బొమ్మే కదులుతుంది. కొంచెం దించడానికైతే బాణం మీటలు చాలు. నేనైతే మీటలే వాడతా, నిలువుగా దించేటప్పుడు పక్కకి జరిగే భయం ఉండదు.

మౌస్‌కి చక్రం ఉంటే ఇంకొకటి కూడా చూడు. ఆల్ట్ పట్టుకుని చక్రం తిప్పితే ఆ చోట ఒకదాని కింద ఒకటి ఉన్నవన్నీ వరసగా తగులుతాయి. అరటి చెట్టు ఆకుల్లాంటి చోట క్లిక్కుల కంటే ఇదే త్వరగా తేలుతుంది.

ఇంత చెప్పినా, ఈ తవ్వకం నీకు రోజూ చెయ్యమని చెప్పను. ఒకసారికైతే సరే. ఒకే కార్డులో పదిసార్లు టెక్స్చర్ అడ్డం వస్తోందంటే దానికి తాళం వెయ్యాలి. 1.2 నుంచి లేయర్లూ ఆబ్జెక్టులూ ఒకే ప్యానెల్లో వస్తాయి, ఆబ్జెక్ట్ మెనూలో లేయర్స్ అండ్ ఆబ్జెక్ట్స్ అని ఉంటుంది. టెక్స్చర్ మీద క్లిక్ చేస్తే ఆ ప్యానెల్లో దాని వరస వెలుగుతుంది, పక్కనే తాళం గుర్తు. అది నొక్కు. ఇక టెక్స్చర్ కనపడుతుంది గానీ క్లిక్‌కి దొరకదు, దాని కిందిదే దొరుకుతుంది. అడుగున క్రీమ్ బ్యాక్‌గ్రౌండ్‌కి కూడా వేసెయ్యి. అప్పుడు ఖాళీ చోట నుంచి డబ్బా గీసి నాలుగు బొమ్మలు ఒకేసారి పట్టుకోవచ్చు. లేకపోతే డబ్బా గీయబోతే బ్యాక్‌గ్రౌండే కదిలివస్తుంది.

కట్ చేసి పేస్ట్ చేయడం గురించి అడిగావు. ఏదీ సెలెక్ట్ అయి లేనప్పుడు పేస్ట్ చేసింది ఆ లేయర్లో అన్నిటికన్నా పైన పడుతుంది. పేజ్ డౌన్ మీటతో దాన్ని కిందికి దించుకుంటూ రావచ్చు, కానీ పీడీఎఫ్ నుంచి వచ్చిన ఫైల్లో ఎన్ని ముక్కలుంటాయో నీకు తెలియదు, పేజ్ డౌన్ కొడుతూనే ఉంటావు. కోరెల్ అలవాటు పక్కన పెట్టాల్సిన చోటు ఇదొకటి: అక్కడ ఒక మెట్టు దించడానికి కంట్రోల్+పేజ్ డౌన్, ఇక్కడ ఉత్త పేజ్ డౌన్. అన్నిటికన్నా అడుగుకి పంపడానికి ఎండ్, పైకి హోమ్.

మేము హిందూపురం నుంచి వచ్చి ఈ అవెన్యూ రోడ్డు చుట్టుపక్కల పని నేర్చుకున్న రోజుల్లో ఈ తలనొప్పి లేదు. ఒక్కో రంగుకి ఒక్కో ఫిల్ము, బల్ల కింద లైటు, కింది ఫిల్ము కావాలంటే పైది ఎత్తి పక్కన పెట్టడమే. ఆ పని మళ్లీ చేయమంటే మాత్రం నేను చేయను, బటర్ పేపర్ మీద మ్యాటర్ తీసి బ్లేడుతో కోసి అతికించిన వేళ్లు ఇవి.


మామిడాకు:

బాబాయ్ గారూ, చాలా థాంక్స్. సూపర్ మీటకి మార్చగానే విండో జరగడం ఆగిపోయింది. టెక్స్చర్‌కి తాళం వేశాను, అది కూడా బాగుంది.

ఇప్పుడు కలశం మీద క్లిక్ చేస్తే కలశం, కొబ్బరికాయ, రెండు అరటి చెట్లు, అన్నీ కలిపి ఒకే డబ్బాగా వస్తున్నాయి. మీరు చెప్పినట్టే కింద చదివాను, గ్రూప్ అని రాసి ఉంది. కంట్రోల్+షిఫ్ట్+జి కొట్టి అన్‌గ్రూప్ చేస్తే అందులో ఇంకో గ్రూప్, అందులో ఇంకోటి. ఒక గ్రూప్ విప్పగానే అరటి ఆకులు కార్డు అంచు దాటి బయటికి పొడుచుకొచ్చాయి, కంట్రోల్+జెడ్ కొట్టి ఆపేశాను. అన్నీ ఒకేసారి విప్పే డీప్ అన్‌గ్రూప్ అనేది ఎక్స్‌టెన్షన్స్‌లో ఉందట కదా, అది వాడనా?


చిక్‌పేట డీటీపీ:

వద్దు తల్లీ, వద్దు. డీప్ అన్‌గ్రూప్ కొడితే ఆకులోని ఒక్కో ఈనె విడిపోయి నీ ప్యానెల్లో వందల వరసలు వస్తాయి. ఆ తర్వాత అరటి చెట్టుని అంగుళం జరపాలన్నా ముక్కలన్నీ ఏరుకోవాలి. షాపువాళ్లు వచ్చే సీజన్‌లో ఇదే డిజైన్ ఇంకో పెళ్లికి అడుగుతారు, అప్పుడు నిన్ను నువ్వే తిట్టుకుంటావు.

గ్రూపులో గ్రూపు రావడం పీడీఎఫ్ వల్ల. కోరెల్‌లో నువ్వు పవర్‌క్లిప్‌లో పెట్టిన ప్రతిదీ పీడీఎఫ్‌లో క్లిప్‌గా మారుతుంది, ఇంక్‌స్కేప్ తెరిచేటప్పుడు దాన్ని గ్రూపులో చుట్టి ఆ గ్రూపుకి క్లిప్ తగిలిస్తుంది. నీ అరటి చెట్లు కార్డు అంచు దగ్గర నరికినట్టు కనపడాలని షాపులో ఎవరో పవర్‌క్లిప్ చేసి ఉంటారు. గ్రూపు విప్పితే ఆ కోత ఆగమై ఆకులు బయటికొస్తాయి. ఆ గ్రూపుని అలాగే ఉంచాలి.

విప్పకుండా లోపలి బొమ్మను పట్టుకోవడానికే కంట్రోల్ ఉన్నది. కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తే ఎన్ని గ్రూపుల లోపలున్నా ఆ చోట పైన ఉన్న ఒక్క బొమ్మ దొరుకుతుంది. అది కాక దాని కిందిది కావాలంటే కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకుని క్లిక్. నీ కలశం గీతలు కలశం బొమ్మ మీదే ఉండి ఉంటాయి కాబట్టి కంట్రోల్+క్లిక్ చాలు. కలశం రంగే మార్చాలంటే ఆల్ట్ కూడా కలుపు. కోరెల్‌లో ఇవే మీటలు ఇలాగే పనిచేస్తాయి, అక్కడ గ్రూపు లోపలి బొమ్మ దొరికితే మూలల్లో చదరాల బదులు గుండ్రటి చుక్కలు వస్తాయి, గమనించావో లేదో.

ఒకే గ్రూపులో చాలాసేపు పని ఉంటే దాని మీద డబుల్ క్లిక్ చెయ్యి. గ్రూపు లోపలికి వెళ్తావు. ఇక ఉత్త క్లిక్‌తోనే ముక్కలు దొరుకుతాయి. పని అయ్యాక బయట ఖాళీ చోట డబుల్ క్లిక్ చేస్తే వెనక్కి వస్తావు.

ఇందులో ట్యాబ్ మీట కూడా ఉంది. ట్యాబ్ కొడితే తర్వాతి బొమ్మ, షిఫ్ట్+ట్యాబ్ కొడితే ముందరిది. కానీ నువ్వున్న లేయర్లోనే తిరుగుతుంది. చిన్న ఫైళ్లకి బాగుంటుంది, నీ ఈనెల తోటలో తిరగాలంటే పొద్దు గూకుతుంది.

ఇక ఫాయిల్ సంగతి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఫాయిల్ అనేది కార్డు ప్రింటయ్యాక బ్లాకు (లోహపు అచ్చు) వేడి చేసి కొట్టేది. జరీ టెక్స్చర్ ఫాయిల్ మీద ఎలాగూ పడదు, ఫాయిలే అన్నిటి మీదా పడుతుంది. కాబట్టి ఫైల్లో ఫాయిల్ గీతలు టెక్స్చర్ కింద ఉండాల్సిన అవసరమే లేదు. పైన ఒక కొత్త లేయర్ పెట్టు, ఫాయిల్ అని పేరు పెట్టు. కలశం గీతల్లో ఒకటి పట్టుకుని ఎడిట్ మెనూలో సెలెక్ట్ సేమ్, అందులో ఫిల్ కలర్ కొట్టు. ఆ రంగు ఉన్నవన్నీ ఒకేసారి సెలెక్ట్ అవుతాయి, ఫ్రేము కూడా అదే బంగారం అయితే అదీ వస్తుంది. ఫ్రేముకి ఫాయిల్ వద్దంటే షిఫ్ట్ పట్టుకుని దాన్ని క్లిక్ చేస్తే వదిలేస్తుంది. గీతలకి ఫిల్ (లోపలి రంగు) లేకుండా స్ట్రోక్ (అంచు గీత) ఉంటే స్ట్రోక్ కలర్ అన్నది వాడు. రంగు గ్రేడియంట్ (ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మెల్లగా మారేది) అయితే ఒకటి సెలెక్ట్ చేసినా మిగతావి దొరకకపోవచ్చు, అవి చేత్తో ఏరాల్సిందే. అన్నీ దొరికాక షిఫ్ట్+పేజ్ అప్, పై లేయర్లోకి వెళ్తాయి. పోయింది ఎక్కడికో ఒకసారి స్టేటస్ బార్‌లో చూసుకో. కలశాన్ని కిందికి దించే పని మాత్రం ఈ గీతలు విడదీయక ముందే అయిపోవాలి, లేదంటే రెండిటినీ కలిపి దించాలి.

బ్లాకు చేసేవాడికి ఆ లేయరు ఒక్కటే నల్ల రంగులో పంపొచ్చు. వాళ్లు నిన్ను దేవతలా చూస్తారు, ఎందుకంటే రోజూ వచ్చే ఫైళ్లలో ఫాయిల్ ఏదో ప్రింట్ ఏదో వాళ్లే వెతుక్కోవాలి.


పీణ్య లేజర్:

మేడం, మధ్యలో దూరుతున్నాను. మీ కార్డుకి పైన లేజర్ కటింగ్ కవర్ కూడా ఉంటే ఒక మాట. పీడీఎఫ్ నుంచి తెచ్చిన బొమ్మల్లో ఒకే గీత మీద అచ్చు అలాంటి గీత ఇంకొకటి కూర్చుని ఉండడం మామూలే. స్క్రీన్ మీద తెలియదు, మెషీన్‌కి తెలుస్తుంది. అది అదే దారిలో రెండుసార్లు కోస్తుంది, కార్డు అంచు నల్లగా మాడుతుంది. తిట్లు తినేది ఆపరేటర్లమైన మేము.

పంపే ముందు వ్యూ మెనూలో డిస్‌ప్లే మోడ్, అందులో అవుట్‌లైన్ పెట్టుకోండి. ఫిల్లులన్నీ పోయి ఉత్త గీతలు మిగులుతాయి. చిక్‌పేట సార్ చెప్పిన తవ్వకం కూడా అందులో సగం తగ్గుతుంది, ఎందుకంటే అవుట్‌లైన్‌లో ఏ గీత మీద క్లిక్ చేస్తే అదే దొరుకుతుంది, మధ్య ఖాళీలో క్లిక్ చేస్తే ఏదీ దొరకదు. కోరెల్‌లో వైర్‌ఫ్రేమ్, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్+వై.

కానీ అచ్చంగా ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు గీతలు అవుట్‌లైన్‌లో కూడా ఒకటిగానే కనపడతాయి. అప్పుడు అనుమానం ఉన్న ముక్క చుట్టూ డబ్బా గీయండి. కింద బొమ్మ ఉన్నచోటి నుంచి డబ్బా మొదలుపెట్టాలంటే షిఫ్ట్ పట్టుకుని లాగాలి, లేకపోతే బొమ్మ కదులుతుంది. గీశాక ఎన్ని ఆబ్జెక్టులు సెలెక్ట్ అయ్యాయో స్టేటస్ బార్ చెప్తుంది. ఒక్కటే ఉండాల్సిన చోట 2 అని వచ్చిందంటే దొంగ దొరికినట్టే. మామూలు క్లిక్ కొట్టి డిలీట్ చేయండి, కిందిది మిగులుతుంది.

మా దగ్గరికి ఆటోక్యాడ్ ఫైళ్లు వస్తే ఓవర్‌కిల్ అని కమాండ్ కొడతాం, డబుల్ గీతలన్నీ అదే ఏరేస్తుంది. ఒక గీత కింద ఇంకో గీత పట్టుకోవాలంటే దాని మీద మౌస్ పెట్టి షిఫ్ట్ పట్టుకుని స్పేస్ కొడుతూ పోతే మారుతూ ఉంటుంది, కావాల్సింది వెలిగినప్పుడు క్లిక్. ఆర్కిటెక్ట్ ఆఫీసుల్లోంచి వచ్చే కుర్రాళ్లకి ఇది తెలుసు, కార్డులవాళ్లకి అక్కర్లేదు.


మామిడాకు:

లేజర్ కవర్ లేదండీ ఈసారి, కానీ గృహప్రవేశం కార్డు ఒకటి రాబోతోంది, దానికి పనికొస్తుంది. రాసుకున్నాను.

బాబాయ్ గారూ, ఫాయిల్ లేయర్ చేశాను. కలశం గీతలు, ఫ్రేము పైకి వచ్చేశాయి. ఇంకొక్క చిక్కు. పైన "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" కూడా ఫాయిలే. అది షాపులో అను అనే పాత తెలుగు ఫాంట్‌లో కొట్టి కర్వ్స్ చేసిన (అక్షరాలను గీతలుగా మార్చిన) మ్యాటర్. కంట్రోల్+క్లిక్ చేస్తే ఒక్కో అక్షరం కూడా పూర్తిగా రావట్లేదు, "స్తు" లో స ఒక ముక్క, కింద తవత్తు ఒక ముక్క, కొమ్ము ఇంకో ముక్క. బ్లాకు చేసేవాళ్లు లైను మొత్తం ఒకే షేప్‌గా కావాలన్నారు. అన్నీ పట్టుకుని కంబైన్ చేస్తే కొమ్ము స కి తగిలే చోట తెల్లటి చీలికలు వస్తున్నాయి.


చిక్‌పేట డీటీపీ:

పాత తెలుగు ఫాంట్లన్నీ అంతేనమ్మా. అక్షరం, గుణింతపు గుర్తు, వత్తు విడివిడిగా గీసి పెట్టుకుని, టైపు చేసినప్పుడు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తాయి. టెక్స్టుగా ఉన్నంతసేపు అన్నీ నలుపే కాబట్టి అతుకు కనపడదు. కంబైన్ చేసిన నిమిషాన ఒకదాని మీద ఒకటి పడిన చోటుని సాఫ్ట్‌వేర్ ఖాళీగా లెక్కేస్తుంది. స్టిక్కర్ కటింగ్ వాళ్ల బోర్డుల మీద "స్త్రీ" అన్న మాట చూడు ఎప్పుడైనా, వత్తుల దగ్గర చిల్లులు పడి ఉంటాయి. కారణం ఇదే.

కంబైన్ వద్దు, యూనియన్ కావాలి. పాత్ మెనూలో ఉంటుంది, కోరెల్‌లో మనం వెల్డ్ అనేది ఇదే. ముందు కంబైన్ చేసినదాన్ని కంట్రోల్+జెడ్‌తో వెనక్కి తీసుకో. ఈ లైను వరకు మాత్రం అన్‌గ్రూప్ చెయ్యి, ఇక్కడ క్లిప్పులుండవు కాబట్టి ఫర్వాలేదు. ముక్కలన్నీ డబ్బా గీసి పట్టుకో. షిఫ్ట్+ఆల్ట్ పట్టుకుని లాగితే పిచ్చిగీత గీసినట్టు వస్తుంది, అది తగిలినవన్నీ సెలెక్షన్‌లో చేరతాయి, వత్తులు వదిలిపోకుండా పట్టుకోవడానికి బాగుంటుంది. తర్వాత యూనియన్. చీలికలు పోతాయి, సున్నాలో, వ లో ఉండాల్సిన ఖాళీలు ఉంటాయి.

మీట విషయంలో ఒక్కటి చూసుకో. కోరెల్‌లో కంట్రోల్+కె అంటే బ్రేక్ అపార్ట్. ఇంక్‌స్కేప్‌లో అదే కంట్రోల్+కె కంబైన్. ఇక్కడ విడగొట్టాలంటే షిఫ్ట్+కంట్రోల్+కె. అచ్చంగా తిరగబడిన మీట ఇది, మన కోరెల్ చేతులకి ఇదే దెబ్బ. తెలుగు అక్షరాల మీద బ్రేక్ అపార్ట్ అసలు కొట్టకు. అక్షరం లోపలి గుండ్రం కూడా విడిపోయి, నిండుగా రంగు పులుముకుని పైన కూర్చుంటుంది, సున్నా చూస్తే మచ్చలా ఉంటుంది.

కన్నడ మ్యాటర్‌ది కూడా ఇదే కథ, అక్కడా ఒత్తక్షరాలు విడిగానే వస్తాయి. ఫాయిల్ కాకుండా ఉత్త ప్రింటే అయితే దాన్ని కదిలించకు, అలాగే వదిలెయ్యి. కొత్తగా కొట్టే పేర్లకి మాత్రం యూనికోడ్ ఫాంట్ వాడు. రామభద్ర, మండలి, సూరన్న లాంటివి ఉచితంగా దొరుకుతాయి. కార్డు పేర్లకి రామభద్ర బాగా లావు, నాకు నచ్చదు గానీ కస్టమర్లకి అదే నచ్చుతుంది.


మామిడాకు:

యూనియన్ పనిచేసింది! లైను మొత్తం ఒకటే పాత్, చీలికల్లేవు. కస్టమర్‌కి ప్రూఫ్ పంపించాను.

టెక్స్చర్‌ని ఇంకా కొంచెం పల్చన చేయమన్నారు. తాళం వేశాను కదా, ఎంత క్లిక్ చేసినా దొరకట్లేదు. ప్యానెల్లో వెతుకుదామంటే అన్నీ పాత్1432, గ్రూప్87 అనే ఉన్నాయి.


వైట్‌ఫీల్డ్ వాసి:

ఇది నేను చెప్పగలను, ఈ థ్రెడ్ చూసి నిన్న ఇంక్‌స్కేప్ వేసుకున్నా. టెక్స్చర్ ఉన్నచోట రైట్‌క్లిక్ చేయండి, అన్‌లాక్ ఆబ్జెక్ట్స్ బిలో అని వస్తుంది. మౌస్ కింద తాళం వేసినవి ఉంటే తెరుచుకుంటాయి. క్రీమ్ బ్యాక్‌గ్రౌండ్ కూడా తెరుచుకుంటుంది, దానికి మళ్లీ వేసుకోవాలి.


చిక్‌పేట డీటీపీ:

శభాష్. తెరిచాక ప్యానెల్లో ఆ వరస మీద డబుల్ క్లిక్ చేసి జరీ అని పేరు పెట్టమ్మా. కలశానికి, ఫ్రేముకి, బ్యాక్‌గ్రౌండ్‌కి కూడా పెట్టు, ఆ నాలుగూ చాలు. ఆకులకి, ఈనెలకి పేర్లు పెట్టుకుంటూ కూర్చోకు.